లాంగ్స్ పీక్: కీహోల్ వరకు నడక, ఆ తర్వాత పాకడం

ప్రశ్న: కొలరాడోలో చదువుకుంటున్న మేము నలుగురు మిత్రులం ఆగస్టులో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోని లాంగ్స్ పీక్ ఎక్కాలనుకుంటున్నాం. తాళ్లు అక్కర్లేదు, మామూలు ట్రెక్కింగేనని కొందరు, అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలని మరికొందరు చెబుతున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: రెండో మాట పూర్తిగా నమ్మండి. మొదటిది కొంత దారి వరకే నిజం.

శిఖరం ఎత్తు 14,259 అడుగులు. బాట మొదలయ్యే చోటే సుమారు 9,400 అడుగుల ఎత్తున ఉంటుంది కనుక మీరు ఎక్కవలసింది దాదాపు 5,000 అడుగులు. రానూపోనూ సుమారు 15 మైళ్ల దూరానికి 10 నుంచి 15 గంటలు పడుతుంది. ఇందులో కీహోల్ వరకు, అంటే మొదటి 6 మైళ్లు, ఓపిక ఉన్నవారికి నడకే: ముందు అడవి, ఆపైన చెట్లు మొలవని టండ్రా నేల, చివర బౌల్డర్ ఫీల్డ్ అనే బండరాళ్ల మైదానం.

కీహోల్ అంటే కొండ అంచులో తాళపు కన్నంలా పడిన గండి. దాన్ని దాటగానే గాలి ముఖాన కొడుతుంది, కాలిబాట మాయమవుతుంది, బండల మీద పసుపు, ఎరుపు రంగులతో వేసిన గుండ్రటి గుర్తులను వెతుక్కుంటూ కదలవలసి వస్తుంది. లెడ్జెస్ అనే రాతి అంచుల తర్వాత వచ్చే ట్రఫ్ నిటారుగా ఉండే వదులు రాళ్ల చీలిక. పైవారి కాలికి తగిలి దొర్లిన రాయి కిందివారి మీదకే వస్తుంది కాబట్టి హెల్మెట్ తప్పనిసరి అని నా అభిప్రాయం. ఆపైన నారోస్‌లో ఒక పక్క రాతిగోడ, మరో పక్క అగాధం. చివరి హోమ్‌స్ట్రెచ్‌లో నున్నటి బండల మీద చేతులూ కాళ్లూ కలిపి పాకాలి. రాయి పొడిగా ఉంటే ఇదంతా తాళ్లు లేకుండానే సాధ్యం, సాధారణంగా అది జూలై మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారాల వరకు. ఆగస్టులోనైనా కొత్తగా మంచు పడినా, నీరు గడ్డకట్టినా అవే బండలు పర్వతారోహణ సామగ్రి, శిక్షణ ఉన్నవారికి మాత్రమే తగినవి.

ఇక చీకట్లో బయలుదేరడం ఎందుకంటే, వేసవిలో ఎండకు వేడెక్కిన కొండవాలుల మీదుగా తేమగాలి పైకి లేచి, మధ్యాహ్నానికల్లా ఉరుములు మెరుపులతో కూడిన మబ్బులు కమ్ముకుంటాయి. చెట్లు లేని ఆ వాలులో పిడుగుకు మీకంటే ఎత్తయినది మరొకటి ఉండదు. కాబట్టి తెల్లవారుజామున 3 గంటలకల్లా హెడ్‌ల్యాంపులతో నడక మొదలుపెట్టి, మధ్యాహ్నం 12 లోపే శిఖరం దిగడం మొదలుపెట్టాలి.

కీహోల్ పక్కనే ఒకప్పుడు రాతితో కట్టిన చిన్న ఆశ్రయం ఉండేది. 1925 జనవరిలో తూర్పు ముఖం మీదుగా శిఖరం చేరి, దిగివస్తూ చలికి, అలసటకు ప్రాణాలు కోల్పోయిన ఆగ్నెస్ వెయిల్ పేరిట నిలిపినది అది. కీహోల్ వద్ద కాసేపు ఆగి నలుగురూ ఒకరినొకరు పరిశీలించుకోండి. శిఖరం వద్ద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికంటే సుమారు 40 శాతం తక్కువ. తలనొప్పి, వికారం, తడబాటు కనిపిస్తే మందు కిందికి దిగడమే. మీలో ఒకరు వెనక్కి తిరగవలసి వస్తే ఒంటరిగా పంపకండి, ఇంకొకరు తోడు వెళ్లండి.