మా అమ్మాయి కండలు పెంచుతానంటోంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయికి 23 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. రెండేళ్లుగా జిమ్‌కు వెళ్తోంది. ఆరోగ్యానికి మంచిదే కదా అని మేమేమీ అనలేదు. ఇప్పుడు రాష్ట్రస్థాయి బాడీబిల్డింగ్ పోటీల్లో పాల్గొంటానని పట్టుబడుతోంది. ఫోనులో ఆ పోటీల వీడియో చూపించింది. అమ్మాయిలు ఈత దుస్తుల్లాంటివి వేసుకుని, ఒంటి నిండా ముదురు రంగు పూసుకుని వేదిక మీద నిలబడ్డారు. ఆ రోజు నుంచి వాళ్ల నాన్నగారు దానితో మాట్లాడడం మానేశారు. మగవాడిలా తయారవుతుందేమో, సంబంధాలు రావేమో అని నా దిగులు. కొవ్వు కరగడానికని కోచ్ ఇచ్చిన తెల్లమాత్రలు రెండు నెలలకు పైగా వేసుకుంటోంది. కాగితం పొట్లంలో తెచ్చుకుంటుంది. రెండు నెలలుగా నెలసరి రాలేదు. అడిగితే, పోటీలకు ముందు అందరికీ ఇంతేనంటోంది. దీన్ని ఎలా ఆపాలి?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీరు బట్టల గురించీ పెళ్లి గురించీ ముందు రాసి, మాత్రల సంగతి చివర రాశారు. నేను ఆ చివరి నుంచే మొదలుపెడతాను. ఈ పత్రిక చదివిన రోజే ఆ మాత్రలు ఆపించండి. పొట్లం మాత్రం పారేయకండి. దాన్ని పట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని స్త్రీ వైద్య నిపుణురాలి దగ్గరికో, హార్మోన్ల వైద్యుల దగ్గరికో వెళ్లండి. ఏం వేసుకుందో, ఎన్నాళ్లు వేసుకుందో అక్కడ దాచకుండా చెప్పమనండి. మిగతావన్నీ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇంత తొందర ఎందుకో చెబుతాను. నాకిప్పుడు 45 ఏళ్లు. ఫోనులో నా గొంతు మొదటిసారి విన్నవాళ్లు ఇప్పటికీ నన్ను ‘సార్’ అంటారు. 31 ఏళ్ల వయసులో ఫిజిక్ అనే బాడీబిల్డింగ్ విభాగంలో పోటీకి సిద్ధమవుతున్నప్పుడు, నాకు శిక్షణ ఇచ్చిన మనిషి విటమిన్లని చెప్పి ఆరు వారాలు మాత్రలు ఇచ్చాడు. నేనూ ఇలాగే పొట్లంలోనే తెచ్చుకున్నాను. నాలుగో వారానికి గొంతు బొంగురుపోయింది. జలుబనుకుని మిరియాల కషాయం తాగుతూ కూర్చున్నాను. పోటీ అయ్యాక మాత్రలు ఆపేశాను. మొటిమలు తగ్గాయి, నెలసరి తిరిగి వచ్చింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. మా పాప పుట్టినప్పుడు జోలపాటలన్నీ మా అమ్మే పాడింది.

స్టానోజొలాల్, ఆక్సాండ్రోలోన్ లాంటివి మగవారి హార్మోను అయిన టెస్టోస్టెరాన్‌కు దగ్గరి బంధువుల్లాంటి మందులు. వీటినే స్టెరాయిడ్లు అంటారు. ఆడవారి శరీరంలో అవి స్వరతంత్రులను మందంగా చేస్తాయి. అలా మందమైనవి మందు మానేసినా మళ్లీ పలచబడవు. ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, కాలేయం దెబ్బతింటుంది. కొవ్వు కరగడానికని కొందరు క్లెన్‌బ్యూటెరాల్ ఇస్తారు. అది ఉబ్బసం మందు. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. మీ అమ్మాయికి అలా ఉంటోందేమో అడిగి చూడండి. పేరు అచ్చువేసిన అట్టలోంచి మాత్రలు తీసి పొట్లం కట్టి ఇచ్చాడంటే, ఆ పేరు ఆమె చదవకూడదనే. ఆ ఒక్క పని చాలు, అతను ఎలాంటి కోచో తెలియడానికి. క్రీడాకారులకు చేసే డోపింగ్ పరీక్షల్లో స్టెరాయిడ్ బయటపడితే నాలుగేళ్ల వరకు నిషేధం పడుతుంది. అది పడేది ఆమె మీద.

నెలసరి ఆగడానికి మాత్రలు ఒక కారణం కావచ్చు, తిండి చాలకపోవడం ఇంకో కారణం కావచ్చు. రోజంతా ఉద్యోగం, పొద్దునా సాయంత్రం వ్యాయామం, కంచంలో మాత్రం ఉడికించిన కోడిగుడ్ల తెల్లసొనా నాలుగు దోసకాయ ముక్కలూ! ఒంటికి అందే శక్తి మరీ తగ్గినప్పుడు శరీరం ముందుగా ఆపేవాటిలో నెలసరి ఒకటి. దానితోపాటు ఈస్ట్రోజన్ అనే ఆడవారి హార్మోను తగ్గుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. 23 ఏళ్లంటే ఎముకలు ఇంకా గట్టిపడుతున్న వయసు. ‘అందరికీ ఇంతే’ అన్న మాట నేను జిమ్‌ల్లో వందసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండింది. చాలామందికి అలా జరుగుతోందంటే అంతమందికి అన్యాయం జరుగుతోందని అర్థం.

నా దగ్గర శిక్షణ తీసుకునే పిల్లలకు ఇంటి భోజనమే పెట్టిస్తాను. కండ నిలవాలంటే కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల పిల్లకు 88 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటుంది, మీల్ మేకర్‌లో 50కి పైనే, ఒక్కో గుడ్డుకు ఆరేసి గ్రాములు. అన్నం మానేయనివ్వను, పచ్చసొన పారేయనివ్వను. కొవ్వు తగ్గించడానికి 16 వారాలైనా తీసుకుంటాను. వారానికి అర కిలో దిగితే చాలు. నెల రోజుల్లో పోటీ ఉందని హడావుడి పెట్టేవాడు ఆ పిల్ల శరీరాన్ని అరగదీస్తున్నాడు.

ఇక మీ దిగులు. బరువులెత్తినంత మాత్రాన ఆడపిల్ల మగవాడిలా మారదు. ఆడవారిలో టెస్టోస్టెరాన్ మగవారితో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. ఏడాది పొడవునా కష్టపడితే రెండు మూడు కిలోల కండ రావడమే గొప్ప. మీరు భయపడే మార్పులు తెచ్చేవి ఇందాక చెప్పిన మందులే. అయినా ఆడవారికి ఎంత కండ ఉండాలన్నది మీ ఒక్కరి ప్రశ్నే కాదు, ఆ పోటీలు నడిపేవారికే తెగని ప్రశ్న. ఆడవారి బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ అయిన మిస్ ఒలింపియా 1980లో మొదలైంది. కండలు బాగా పెరిగాక, 2005 నుంచి ఆడవారు కండను 20 శాతం తగ్గించుకుని రావాలని అంతర్జాతీయ బాడీబిల్డింగ్ సమాఖ్యే చెప్పింది. ఆ వేదిక మీద ఐరిస్ కైల్ పది టైటిళ్లు గెలిచింది. మగవారి మిస్టర్ ఒలింపియాలో ఎవరూ ఎనిమిది దాటలేదు. అయినా 2014 తర్వాత ఆ ఆడవారి పోటీనే ఆపేశారు. మళ్లీ 2020లో గానీ పెట్టలేదు. ఆ పోటీ ఆగకముందే ఫిగర్, బికినీ, ఫిజిక్ అని తక్కువ కండ చాలే విభాగాలు వచ్చాయి. మన దేశంలో మోడల్ ఫిజిక్ అనే విభాగం ఉంది. మీ అమ్మాయి ఏ విభాగానికి వెళ్తోందో అడగండి. మీరు అనుకుంటున్నదీ ఆమె అనుకుంటున్నదీ ఒకటి కాకపోవచ్చు.

ఆ దుస్తులు అలా ఎందుకుంటాయంటే, న్యాయనిర్ణేతలు వీపు, భుజాలు, తొడల్లో కండ ఎలా విడివడి కనిపిస్తోందో చూసి మార్కులు వేయాలి. గట్టి దీపాల కింద ఒంటి గీతలు కనబడవు కనుక రంగు పూస్తారు. మొదటిసారి నాకూ సిగ్గేసింది. వేదిక ఎక్కి రెండు చేతులూ ఎత్తి వీపు బిగించాక సిగ్గు గుర్తు రాలేదు.

వాళ్ల నాన్నగారితో ఒక మాట చెప్పండి. నాది శ్రీకాకుళం జిల్లా. కోడి రామమూర్తి నాయుడు గారి ఛాతీ మీద ఏనుగును నడిపించారని తాతలు చెబుతుంటే విని పెరిగాం. మగవాడి బలాన్ని అంత గర్వంగా చెప్పుకున్న ఊళ్లే, ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి బరువులెత్తడం మొదలుపెట్టినప్పుడు చెవులు కొరుక్కున్నాయి. ఆమె 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవారి వెయిట్‌లిఫ్టింగ్ మొదలైందే ఆ ఏడాది. హాస్టల్ టీవీలో చూసి మర్నాడే నేను కాలేజీ మైదానంలో రాడ్డు పట్టుకున్నాను. మొన్నటిదాకా చెవులు కొరుక్కున్న మా పెదనాన్నే నాకు బూట్లు కొనిపెట్టాడు.

పెళ్లి సంగతంటారా, హైదరాబాద్‌లో ఉండే కిరణ్ దెంబ్లా ఇద్దరు పిల్లలు పుట్టాకే ఈ రంగంలోకి వచ్చి, 2013లో బుడాపెస్ట్‌లో ప్రపంచ పోటీల దాకా వెళ్లారు. కండలున్న కారణంగా వద్దనే ఇల్లు, పెళ్లయ్యాక జిమ్ మానేయమనే ఇల్లే. ఆ సంబంధం తప్పిపోతే మంచిదే.

కాబట్టి మీరు అడిగినట్టు ఆమెను ఆపమని నేను చెప్పలేను. పోటీని ఆరు నెలలు వెనక్కి జరపమనండి. ఈలోగా నెలసరి సర్దుకోవాలి, కోచ్ మారాలి. కొత్త కోచ్ దగ్గరికి మీరూ వెళ్లండి. పోటీకి ముందు తాగే నీళ్లు ఎన్ని రోజులు ఆపిస్తారని అడగండి. ఆపిస్తామంటే లేచి వచ్చేయండి. నెలసరి వచ్చిందా లేదా అని అతను అడగడు, మీరే అడగాలి. మీతో మాట్లాడే ఇల్లు ఉంటేనే అమ్మాయి నిజం చెబుతుంది. మౌనంగా ఉన్న ఇంట్లో ఆ పొట్లం దిండు కింద దాగుతుంది.

పోటీకి ముందు రోజు రాత్రి రంగు పూసుకోవాలి. రెండు మూడు పూతలు, ఒక్కోటి ఆరడానికి చాలాసేపు. వీపు దాకా తన చేయి తనకు అందదు. ఆ రాత్రి మీరు వెళ్లండి.