గోపీచంద్ అంటే ఏ గోపీచంద్?

ఒకే పేరున్న వేర్వేరు తెలుగు ప్రముఖులు ఎవరెవరు, పిల్లల క్విజ్‌లో వాళ్ల గురించి తికమక లేకుండా ఎలా అడగాలి అన్నది మీ ప్రశ్న. నేను చాలా ఏళ్లు ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. పేరు సగమే చెప్పి పుస్తకం అడిగే పాఠకులే అక్కడ ఎక్కువ. అందుకే ఈ విషయం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. పెద్ద జాబితా ఇవ్వను. నాకు పదే పదే ఎదురైన కొన్ని పేర్ల గురించే రాస్తాను.

అన్నిటికంటే ముందు గోపీచంద్. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి రచయిత గోపీచంద్ మీద వ్యాసం రాసుకుని, ఫొటో కోసం మా గ్రంథాలయానికి వచ్చింది. ఫోనులో దొరికిన సమాచారమంతా అందమైన దస్తూరీతో ఎక్కించింది. మొదటి పేరాలో ఆయన 1910లో కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టారు. రెండో పేరాలో 2001లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. అంటే తొంభై ఏళ్ల వయసులో! ఆ పిల్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. రచయిత పేరు చెప్పి పంపినవాళ్లు ఇంటిపేరు చెప్పలేదు. ఇంటిపేరు లేని గోపీచంద్ కోసం వెతికితే ఎవరి వివరాలైనా రావచ్చు.

మొదటి పేరాలోని ఆయన త్రిపురనేని గోపీచంద్. కవిరాజు త్రిపురనేని రామస్వామి కుమారుడు. ‘అసమర్థుని జీవయాత్ర’ రాసినది ఈయనే. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు చెప్పే పుస్తకమది. ఎందుకు అని ప్రశ్నించడం నేర్పిన తండ్రికే దాన్ని అంకితం ఇచ్చారు. 1962లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించేనాటికి అందుకోవడానికి ఆయన లేరు. సినిమాల్లోనూ పనిచేశారు, 1950లో వచ్చిన ‘లక్ష్మమ్మ’కు దర్శకుడు. నటుడు సాయిచంద్ ఆయన కుమారుడే.

రెండో పేరాలోని ఆయన పుల్లెల గోపీచంద్. 1973లో ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆల్ ఇంగ్లండ్ గెలిచిన భారతీయుడు ఈయనే. ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించారు. తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి సైనా నెహ్వాల్‌కు, పి.వి. సింధుకు గురువయ్యారు. ఆయన కీర్తిలో ఒక్క వాక్యం కూడా తగ్గించి చెప్పనక్కరలేదు. కానీ నాకు బాధ కలిగించేది ఒకటుంది. పేరు సగమే మిగిలినప్పుడు ఎప్పుడూ వెనక్కి పోయేది పాత మనిషే. ఆటగాడి వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి, కొత్త ఫొటోలు పడుతూనే ఉంటాయి. అంగలూరు గోపీచంద్ తరఫున మాట్లాడటానికి ఆయన పుస్తకాలు తప్ప వేరే ఏమీ లేవు.

ఇక మూడో గోపీచంద్ సినిమా హీరో. ఆయన ఇంటిపేరు తొట్టెంపూడి. ‘నేటి భారతం’, ‘ప్రతిఘటన’ తీసిన దర్శకుడు టి. కృష్ణ కుమారుడు. ఈ కుటుంబానిదీ ప్రకాశం జిల్లాయే. పుల్లెల గోపీచంద్ టైటిల్ గెలిచిన 2001లోనే ఈయన ‘తొలివలపు’తో తెర మీదికి వచ్చారు. ఆ తర్వాత ‘జయం’, ‘వర్షం’ చిత్రాల్లో ప్రతినాయకుడిగా అందరికీ గుర్తుండిపోయారు. ‘క్రాక్’ తీసిన దర్శకుడు మలినేని గోపీచంద్ నాలుగో మనిషి. ఇప్పుడు చూడండి: త్రిపురనేని వారు, తొట్టెంపూడి వారు ఇద్దరూ పొడి అక్షరంతో రాస్తే టి. గోపీచందే. ఇద్దరికీ సినిమాలతో సంబంధం ఉంది. అందుకే క్విజ్‌లో పొడి అక్షరాలు దయచేసి వాడకండి. అవి మనుషులను వేరు చేయాల్సిన చోట కలిపేస్తాయి.

ఈ పేరు మనకే సొంతమని పిల్లలు అనుకోకూడదంటే మరో ఇద్దరిని కూడా చెప్పవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక పంజాబ్‌కు తొలి ముఖ్యమంత్రి గోపీచంద్ భార్గవ. సాహిత్య అకాడమీకి అధ్యక్షుడిగా పనిచేసిన ఉర్దూ విమర్శకుడు గోపీచంద్ నారంగ్.

మా గ్రంథాలయంలో కంప్యూటర్ రాకముందు ఈ చిక్కును కార్డులే తీర్చేవి. పొడుగాటి చెక్క సొరుగులు, వాటిలో వరసగా గట్టి కార్డులు, ప్రతి కార్డుకు కింద ఒక రంధ్రం, అన్నిటినీ కలుపుతూ ఒక ఇనుప ఊచ. రచయిత కార్డు ఇంటిపేరుతో మొదలయ్యేది. కానీ పాఠకులు ఇంటిపేరుతో వెతకరు కదా, అందుకని ప్రసిద్ధమైన పేరుతో మరో కార్డు రాసి పెట్టేవాళ్లం: ‘చలం – గుడిపాటి వెంకటచలం చూడుము’ అని. ఆ ఒక్క కార్డు అంచులే వేళ్ల మురికితో నల్లబడి మెత్తబడిపోయాయి, అంతమంది దాన్ని తిప్పేవారు.

చలం పేరున్న ప్రముఖులూ ఇద్దరే. ‘మైదానం’ రాసి, జీవితం చివరి దశాబ్దాలు అరుణాచలంలో గడిపిన రచయిత ఒకరు. ‘సంబరాల రాంబాబు’, ‘బుల్లెమ్మ బుల్లోడు’ సినిమాల నటుడు చలం మరొకరు. ఆయన అసలు పేరు కోరాడ సూర్యాచలం. వీళ్లిద్దరి దగ్గర తికమక తక్కువే, ఒకరి గురించి అడిగే గొంతులోనే ఎవరి గురించో తెలిసిపోతుంది.

పట్టాభి దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1939లో త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ మీద ఓడిపోయిన భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో వైద్యుడు. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినవారు, కాంగ్రెస్ చరిత్ర రాసినవారు. ఆయన ఓటమి తన ఓటమేనని గాంధీజీ ప్రకటించడంతో ఆ పేరు దేశమంతా మారుమోగింది. సరిగ్గా అదే 1939లో నెల్లూరుకు చెందిన ఇరవై ఏళ్ల యువకుడు ‘ఫిడేలు రాగాల డజన్’ అనే కవితా సంపుటి వెలువరించాడు. ఛందస్సును కాదని, కొత్త నడకతో, పట్నవాసపు మాటలతో రాసిన కవితలవి. ఆయన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. కవిగా ‘పఠాభి’ అని సంతకం పెట్టుకున్నారు. తర్వాత కన్నడంలో ‘సంస్కార’ తీసి 1970 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం గెలుచుకున్నారు. ఎమర్జెన్సీలో జైలుపాలై, ఆరోగ్యం చెడి, 1977లో చనిపోయిన నటి స్నేహలతారెడ్డి ఆయన భార్య. పట్టాభి, పఠాభి అన్న రెండు రూపాలను పిల్లల ముందు బోర్డు మీద రాసి చూపించండి. ఒక్క అక్షరం తేడాతో ఇద్దరు మనుషులు, రెండు జీవితాలు. అచ్చుతప్పు అనుకుని ‘ఠ’ను సరిదిద్దేసిన పత్రికలను నేను చూశాను. అలాంటి చోట కవి మాయమై ఆయన స్థానంలోకి కాంగ్రెస్ నాయకుడు వచ్చేస్తాడు.

నాగేశ్వరరావుల గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. అమృతాంజనం తయారుచేసి, ఆ సంపాదనతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను, 1924లో ‘భారతి’ని ప్రారంభించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మా గ్రంథాలయాల వాళ్లకు పెద్దదిక్కు వంటివారు. ఆంధ్ర గ్రంథమాల పేరుతో ఆయన వేసిన పుస్తకాలు పాత అలమరాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అయినా ఈరోజు నాగేశ్వరరావు అనగానే ఎవరికైనా అక్కినేని గుర్తుకొస్తారు. అది సహజమే.

క్విజ్‌కు నేను ఇచ్చే మంచి ప్రశ్న ఈ పేరులోనే ఉంది. 1955లో అన్నపూర్ణా పిక్చర్స్ తొలి చిత్రంగా వచ్చిన ‘దొంగరాముడు’లో కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు, సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు, ప్రతినాయకుడు ఆర్. నాగేశ్వరరావు. ఒకే సినిమాలో ముగ్గురు. ఈ మూడో ఆయనే ‘మాయాబజార్’లో దుశ్శాసనుడు. అంత గొప్ప నటుడు 1959లోనే చనిపోవడం మన దురదృష్టం. ఆయన ఇంటిపేరు రాజనాల. ఇక్కడే ఇంకో చిక్కు. రాజనాల అంటే అందరికీ తెలిసిన జానపద చిత్రాల విలన్ రాజనాల కాళేశ్వరరావు. ఇంటిపేరు ఒకటే, వేషాలూ ఒక కోవవే, మనుషులు వేరు. కాబట్టి ఇంటిపేరు రాసినంత మాత్రాన అన్నిసార్లూ సరిపోదు. ఇంటిపేరు, పేరు, ఆ మనిషి చేసిన ఒక పని, అది జరిగిన సంవత్సరం, ఈ నాలుగూ ప్రశ్నలో ఉండాలి.

బొమ్మిరెడ్డి సోదరుల దగ్గర ఈ నియమం ఎంత అవసరమో బాగా తెలుస్తుంది. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డి అంటే బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. విజయా సంస్థను నడిపి, ‘చందమామ’ పత్రిక పెట్టిన బి. నాగిరెడ్డి ఆయన తమ్ముడు. ఆయన పేరునూ పొడి అక్షరాల్లో బి.ఎన్. రెడ్డి అని రాసేయవచ్చు. పైగా ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది, అన్నకు 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986 సంవత్సరానికి. ‘ఫాల్కే అవార్డు పొందిన బి.ఎన్. రెడ్డి ఎవరు’ అని అడిగితే పిల్లలు ఏ జవాబు చెప్పినా మీరు కాదనలేరు. అలాగే ఎస్. జానకి అని రాస్తే గాయని శిష్ట్లా జానకి కావచ్చు, 1950 నాటి ‘షావుకారు’ సినిమాతో షావుకారు జానకిగా స్థిరపడిన శంకరమంచి జానకీ కావచ్చు.

మీరు ప్రశ్నలు తయారుచేసుకున్నాక ఒక పని చేయండి. ప్రతి పేరును మీ ఊళ్లో తెలుగు చెప్పే మాస్టారికో, గ్రంథపాలకుడికో వినిపించి, మీకు మొదట ఎవరు గుర్తొచ్చారు అని అడగండి. మీరు అనుకున్న మనిషి కాకుండా ఇంకెవరైనా వస్తే ఆ ప్రశ్నకు సంవత్సరం చేర్చండి. గోపీచంద్ ప్రశ్న మాత్రం రచయిత మీదే పెట్టండి, ‘1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గోపీచంద్ ఇంటిపేరు ఏమిటి’ అని. జవాబు తెలియని పిల్లలకు చూపించడానికి ఆయన పుస్తకం ఒకటి మీ బల్ల మీద ఉంచుకోండి.