మల్టీవర్సస్ లాంటి ఆటల్లో కార్టూన్ పాత్రలు అసలువాటిలాగే ఉంటాయా?

మల్టీవర్సస్, నికెలోడియన్ ఆల్ స్టార్ బ్రాల్, బ్రాల్‌హల్లా లాంటి ఫైటింగ్ ఆటల్లో కార్టూన్ పాత్రలు, వాటి ఇళ్లూ ఊళ్లూ టీవీలో చూసినట్టే ఉంటాయా, చిన్నప్పుడు చూసినవాళ్లకు నచ్చుతాయా అని అడిగారు. మూడూ ఆడాను కాబట్టి చెప్తున్నాను. మొహాలు, బట్టలు, రంగులు అన్నిట్లోనూ సరిగ్గానే ఉంటాయి. వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. తేడా వచ్చేది ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారు అన్న దగ్గర.

మాది హనుమకొండ. 2024 మే నెలాఖరులో మల్టీవర్సస్ రెండోసారి విడుదలైంది. సెలవులకు వచ్చిన అక్క కొడుకు కూలర్ ముందు కూర్చుని అదే ఆడుతున్నాడు. వాడిది టామ్ అండ్ జెర్రీ, నాది బ్యాట్‌మన్. పక్కనే అమ్మ తొక్కు పెట్టడానికి మామిడి ముక్కలు బట్టతో తుడుస్తోంది. ఆమెకు వీడియో గేమ్ అంటే గిట్టదు. కాసేపు చూసి, "ఆ పిల్లీ ఎలుకా వాళ్లు వాళ్లు కొట్టుకుంటుంటే మధ్యల ఈ నల్ల ముసుగోడు ఎందుకు దూరిండురా?" అంది. వాడు పడి పడి నవ్వాడు. ఆ ముసుగోణ్ని నేనే కదా, ఓడిపోతున్నాను కూడా.

కానీ ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ ఆటలో టామ్, జెర్రీ ఇద్దరూ కలిపి ఒకే ఫైటర్. టామ్ ఎగబడేది జెర్రీ మీదికే, డైనమైట్ విసిరినా, రాకెట్‌కి కట్టి వదిలినా అంతా వాళ్లిద్దరి గొడవే. దారికి అడ్డం వచ్చిన మనకు ఆ దెబ్బలు తగులుతాయి. 1940లో హన్నా, బార్బెరా మొదలుపెట్టి 1958 దాకా తీసిన 114 చిన్న సినిమాల్లో ఉన్నది ఇదే: వాళ్ల తగవు వాళ్లది, కుక్కకు, పనిమనిషికి, పక్కింటి పిల్లికి ఊరికే దెబ్బలు పడతాయి. పేరు కూడా తెలియని ఆటలో మా అమ్మ ఒక్క చూపులో వాళ్లను పట్టేసిందంటే, నా లెక్కలో ఆ పాత్ర పాసైనట్టే.

బగ్స్ బన్నీ దగ్గర ఇంత బాగా కుదరలేదు. సరుకంతా ఉంది: సొరంగం తవ్వుతాడు, పైనుంచి ఇనప్పెట్టె పడేస్తాడు, మొహాన క్రీమ్ పై (కేకు లాంటిది) కొడతాడు. కానీ ఎవరైనా గెలికితే తప్ప బగ్స్ వాళ్ల జోలికి పోకూడదని దర్శకుడు చక్ జోన్స్ నియమం పెట్టుకున్నాడు. క్యారెట్ నములుతూ ఊరుకున్నవాడి బొరియలో ఎవడో తుపాకీ దూరుస్తాడు, అక్కణ్నుంచి మొదలవుతుంది. ఫైటింగ్ ఆటలో గంట కొట్టగానే అందరూ కొట్టుకోవాల్సిందే. తన దారిన తాను ఉన్నవాణ్ని ముందుగా బాదే బగ్స్‌ని చూస్తే నాకు ఎవరో కుందేలు చెవులు పెట్టుకుని వచ్చినట్టే ఉంటుంది. తయారుచేసినవాళ్ల తప్పు కాదనుకోండి, ఆటే అలాంటిది.

ఇంకో చిక్కు టైమింగ్. రోడ్ రన్నర్ వెంటపడే కొయొటి కొండ అంచు దాటి గాల్లో ఆగి, కిందికి చూసి, మనవైపు దీనంగా చూసి, అప్పుడు పడతాడు. ఆ ఆగడంలోనే నవ్వంతా ఉంది. ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది, బటన్ నొక్కగానే చెయ్యి లేవకపోతే ఆడేవాడికి చిరాకు. కాబట్టి కార్టూన్‌లో దెబ్బకు ముందు ఉండే ఆ తీరిక ఆటలో చాలావరకు పోతుంది. కానీ ఇదే రకం ఆటల్లో కార్టూన్‌కు అచ్చంగా సరిపోయే సంగతి ఒకటుంది. 1999లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ నుంచీ ఇందులో ప్రాణాల గీత అరగదు, దెబ్బల శాతం పెరుగుతుంది. శాతం పెరిగేకొద్దీ దూరం ఎగురుతాం, తెర దాటితే పోయినట్టు, మళ్లీ వచ్చేస్తాం. ఎవరూ చావరు. పోకెమాన్‌లో టీమ్ రాకెట్ ఎగిరిపోయి చుక్కలా మెరిసి, వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ ప్రత్యక్షమైనట్టు.

బగ్స్ కార్టూన్లలోనే ఉండే టాజ్మేనియన్ డెవిల్, అదే టాజ్, సంగతి తమాషా. సుడిగాలిలా తిరుగుతూ వస్తాడు, ఎక్కువసార్లు తగిలితే ఎదుటివాడు కాల్చిన కోడిగా మారిపోతాడు. ఇంతకంటే టాజ్‌లా ఇంకేం ఉంటుంది? కానీ 2022లో మొదట వదిలిన బీటాలో, అంటే ప్రయోగ రూపంలో, అందరూ ఆ సుడిగాలి ఒక్కటే ఊపుతూ గెలుస్తుంటే దాని బలం తగ్గించారు. కార్టూన్‌లో అతణ్ని చెట్టూ బండా ఏవీ ఆపలేవు. ఆటలో ఆపగలగాలి, లేకపోతే ఎవరూ ఆడరు. స్కూబీ డూ కార్టూన్‌లో మిస్టరీలు విప్పే వెల్మా అయితే కొట్లాట మనిషే కాదు. అందుకే ఆమె చేత ఆధారాలు ఏరించారు, అవి నిండితే మొదట్లో పోలీసు కారు వచ్చి ఎదుటివాణ్ని ఎత్తుకుపోయేది, తర్వాత దాన్ని వాళ్ల వ్యాన్ మిస్టరీ మెషీన్‌గా మార్చారు. మంచి పని చేశారు. ఆమె జట్టులోని షాగీని మాత్రం, అతనికి అంతులేని శక్తి ఉందనే ఇంటర్నెట్ మీమ్‌ని పట్టుకుని తయారుచేశారు. నాకు తెలిసిన షాగీ దెయ్యం నీడ పడితే స్కూబీ చంకెక్కేవాడు. ఇక్కడ ఒళ్లంతా వెలుగు నింపుకుని గుద్దుతాడు. శాండ్‌విచ్ విసరడం ఒక్కటి అతనిదే.

గొంతుల దగ్గర మనకు వేరే ఇబ్బంది ఉంది. షాగీకి మాథ్యూ లిల్లార్డ్, బ్యాట్‌మన్‌కి కెవిన్ కాన్‌రాయ్ చెప్పారని అమెరికావాళ్లు మురిసిపోతారు. నేను వీళ్లందరినీ తెలుగు డబ్బింగ్‌లో చూస్తూ పెరిగినవాణ్ని, అవి నాకు కొత్త గొంతులు. మాటల్లేని టామ్ అండ్ జెర్రీకి ఆ గొడవ లేదు. ఇక నికెలోడియన్ ఆట 2021లో వచ్చినప్పుడు అసలు గొంతులే లేవు, స్పాంజ్‌బాబ్ నవ్వు లేకుండా తన్నేవాడు. 2022 జూన్‌లో గొంతులు చేర్చారు. 2023లో వచ్చిన రెండో భాగంలో మొదటినుంచే ఉన్నాయి.

బ్రాల్‌హల్లాలో బెన్ 10 ఏలియన్లు ఉన్నారని మేనల్లుడు ఎగిరి గంతేశాడు. అవి స్కిన్లు. వేషం ఫోర్ ఆర్మ్స్‌ది, కదలికలూ ఆయుధాలూ ఆ ఆటలో ముందే ఉన్న వేరే ఫైటర్‌వి. రెండు ఆటలు ఆడి, "మామా, వీడు నాలుగు చేతులు పెట్టుకుని ఆయుధమెందుకు పట్టుకుంటడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

స్థలాలైతే అన్నిట్లోనూ తేలిపోతాయి. అడ్వెంచర్ టైమ్ కార్టూన్‌లో ఫిన్, జేక్‌లు ఉండే చెట్టు ఇల్లు ట్రీ ఫోర్ట్ బొమ్మ బాగానే ఉంది, కానీ మనం దాని మీద నిలబడి తన్నుకుంటామంతే. స్కూబీ బంగళాలో ఒక తలుపులో దూరి ఇంకో తలుపులోంచి బయటపడే పరుగు ఉంటుందని ఆశపడ్డాను, నాకైతే ఎదురవలేదు. మా దగ్గర ఫంక్షన్ హాళ్ల ముందు ఫైబర్‌తో కాకతీయ తోరణం పెడతారు చూడండి, అలాంటివే ఇవి. ఆకారం తప్పు పట్టలేం. కానీ వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో కూలిన స్వయంభూ గుడి రాళ్లు చూసినవాడికి ఆ ఫైబర్‌ది ఒట్టి గేటే.

ఇప్పుడు డబ్బుల మాట. మల్టీవర్సస్ ఆన్‌లైన్ 2025 మే 30న ఆగిపోయింది. చివరి సీజన్‌లో ఇన్‌స్టాల్ చేసి లాగిన్ అయినవాళ్లకు మాత్రం ఆఫ్‌లైన్‌లో నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ దారి లేదు. బ్రాల్‌హల్లా ఉచితం, ఫోన్‌లోనూ ఆడొచ్చు, కానీ స్కిన్లకు డబ్బులు పెట్టే ముందు ఆ ఫైటర్‌ని మామూలు రూపంలో ఒకసారి ఆడి చూడండి, లోపల ఉండేది వాడే. కొనాలనే ఉంటే నికెలోడియన్ రెండో భాగం కొనండి, డిస్కౌంట్ పడ్డప్పుడు. నా పాత కంప్యూటర్‌లో మల్టీవర్సస్ ఇంకా ఉంది. విండోస్ మళ్లీ వేయించమని షాపువాడు రెండుసార్లు చెప్పాడు, అది పోతుందేమోనని వేయించలేదు.