70 వేల డాలర్ల కారు, 80 డాలర్ల ఇనుప కడ్డీ

"కొత్త లగ్జరీ కార్లకి ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేనిదే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం), అలారం, ఫోన్ యాప్ అన్నీ కంపెనీయే ఇస్తోంది కదా, ఇంకా స్టీరింగ్‌కి ఆ పాతకాలం లాక్ తగిలించడం దండగ కాదా?" అని ఒకరు అడిగారు. దండగ కాదు. కారు కొన్న రోజే కొనండి. సీటు కవర్లు తర్వాత చూసుకోవచ్చు.

మేముండేది కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో. మా మొదటి కారు 2023 జనవరిలో పోయింది. మా ఆవిడకి అప్పుడు తొమ్మిదో నెల. పురిటికి సాయంగా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నాలుగున్నరకల్లా లేవడం అమ్మ అలవాటు. కాఫీ కలుపుకుని, కిటికీ తెర పక్కకి లాగి చూసి, పైకొచ్చి మా గది తలుపు కొట్టింది.

"ఒరేయ్ నాన్నా, రాత్రి కారు రోడ్డు మీద పెట్టావా?"

"లేదమ్మా, ఇంటి ముందే ఉంది."

"లేదురా."

ఇంట్లో చెప్పులతోనే బయటికి పరిగెత్తాను. రాత్రంతా మంచు పడుతూనే ఉంది. డ్రైవ్‌వే నిండా జానెడు మంచు. కారు నిలబెట్టిన చోట మాత్రం గీత గీసినట్టు పల్లంగా ఉంది. ఆ పల్లంలో అంగుళం మంచు పేరుకుంది, అంటే వాళ్ళు వెళ్ళి గంటో రెండు గంటలో అయి ఉంటుంది. గాజు ముక్క ఒక్కటి కూడా లేదు. రెండు చక్రాల చారలు, అవీ సగం పూడిపోయి, రోడ్డు దాకా వెళ్ళి ఆగిపోయాయి.

ఆ కారు వెనక సీట్లో పుట్టబోయే బిడ్డ కోసం బేబీ సీటు బిగించి పెట్టుకున్నాను. అంతకు ముందు ఆదివారమే, బెల్టు గట్టిగా ఉందో లేదో మూడు నాలుగు సార్లు ఊపి చూసుకున్నాను. ఇక్కడ ఆసుపత్రి నుంచి పసిబిడ్డని కార్లో ఇంటికి తెచ్చుకోవాలంటే ఆ సీటు ఉండి తీరాలి. ఆ చలిలో నిలబడి ఉంటే నాకు గుర్తొచ్చింది ఆ సీటే.

ఎలా తీసుకెళ్ళారో పోలీసులు చెప్పారు. మా కారు తాళాలు, జేబులో ఉంటే చాలు కారు తెరుచుకునే రిమోట్ రకం, గుమ్మం పక్కన చిన్న గిన్నెలో ఉండేవి. ఒకడు యాంటెన్నా పట్టుకుని తలుపు దగ్గర నిలబడతాడు, ఇంకొకడు కారు దగ్గర ఉంటాడు. కారు పంపే సిగ్నల్‌ని వాళ్ళ పరికరం ఇంట్లో ఉన్న తాళం దాకా చేరుస్తుంది. తాళం జవాబిస్తుంది. తాళం తన పక్కనే ఉందనుకుని కారు తలుపు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. కెనడాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. మా కార్లోనూ ఉంది, బాగానే పని చేస్తోంది. కానీ వచ్చిన జవాబు అసలు తాళానిదే అయినప్పుడు అది ఎవరిని ఆపుతుంది?

"తాళాన్ని సిగ్నల్ ఆపే పౌచ్‌లో పెడితే సరిపోతుంది కదా" అంటారు. పెట్టండి, మంచిదే. కానీ దానికీ దారులున్నాయి. 2022లో లండన్‌లో, కార్ల సైబర్ భద్రతే వృత్తిగా ఉన్న ఒక పరిశోధకుడి కారునే ఎత్తుకెళ్ళారు. ముందు బంపర్ పక్కకి లాగి, హెడ్‌లైట్ వైర్లకి తమ పరికరం తగిలించి, తాళం వచ్చిందన్న సందేశాన్ని నేరుగా కారు నెట్‌వర్క్‌లోకే పంపారు. అసలు తాళంతో పనే లేదు. కంపెనీలు సీటుకి మసాజ్ పెడతాయి, క్యాబిన్‌కి సెంటు పెడతాయి, అరవై రంగుల లైట్లు పెడతాయి. ఇంత డబ్బు పోసి కొన్నవాడికి రాత్రి నిద్ర పట్టేలా ఒక గట్టి ఏర్పాటు ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ కోపమే.

ఇన్సూరెన్స్ వాళ్ళ సంగతీ చెప్పాలి. డబ్బు చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటి నుంచి కథ. ఆ తర్వాత రెన్యువల్‌కి, కారు ఎక్కడుందో చెప్పే ట్రాకర్ పెట్టించుకోకపోతే ఏడాదికి 500 డాలర్లు అదనం అన్నారు. మా వైపు బంధువులేమో ఫోన్ చేసి "కెనడాలో కూడా దొంగలుంటారా?" అని ఆశ్చర్యపోయారు. 2023లో ఒక్క టొరంటో నగరంలోనే 12 వేలకి పైగా కార్లు పోయాయి, సుమారు 40 నిమిషాలకొకటి. దేశం మొత్తం మీద ఇన్సూరెన్స్ కంపెనీలు కార్ల దొంగతనాలకి 150 కోట్ల డాలర్లు కట్టాయి. పోయిన వాటిలో చాలా కార్లు కంటైనర్లలో మాంట్రియల్ పోర్టు మీదుగా దేశం దాటిపోతాయి. అక్కడ ఒక్క దర్యాప్తులోనే 598 కార్లు పట్టుకున్నామని 2024 ఏప్రిల్‌లో పోలీసులు ప్రకటించారు.

ఇక లాక్ విషయం. రెండో కారు తీసుకున్న రోజే 80 డాలర్లు పెట్టి పసుపు రంగు స్టీరింగ్ కడ్డీ కొన్నాను. అక్టోబరులో ఒక రాత్రి 2:47కి జరిగింది కెమెరాలో రికార్డయింది. మా ఆవిడ తాళం పౌచ్‌లోనే ఉంది. నాది మాత్రం జాకెట్ జేబులో ఉండిపోయింది, ఆ జాకెట్ తలుపు పక్కనే వేలాడుతోంది. ముఖాలకి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు వచ్చారు. ఒకడు చేట అంత యాంటెన్నా తలుపుకి ఆనించి మెల్లగా పైకీ కిందకీ జరిపాడు. కారు లైట్లు మిణుక్కుమన్నాయి, పక్క అద్దాలు విచ్చుకున్నాయి. రెండోవాడు తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, టార్చి వేశాడు. వెలుగు ఆ పసుపు కడ్డీ మీద పడింది. చేత్తో ఒకసారి ఊపి చూశాడు. పదకొండు సెకన్లు, నేను లెక్కపెట్టాను. తర్వాత చప్పుడు కాకుండా తలుపు వేసి ఇద్దరూ వెళ్ళిపోయారు.

కడ్డీని కోయొచ్చు కదా అంటారు. నిజమే, కడ్డీని వదిలేసి స్టీరింగ్ చక్రాన్నే రంపంతో కోసి లాక్ ఊడదీయొచ్చు. టో ట్రక్ తెచ్చి మొత్తం కారునే లాక్కుపోవచ్చు. కానీ నిద్రపోతున్న వీధిలో అంతసేపు చప్పుడు చేస్తూ కూర్చోవడానికి వచ్చినవాళ్ళు కాదు వీళ్ళు. చప్పుడు లేకుండా, నిమిషంలో పోవడమే వాళ్ళ పని. లోపల ఎన్ని ట్రాకర్లు దాచినా దొంగకి కనపడవు, కారు ఇంటి ముందు నుంచి కదిలాకే వాటి పని మొదలవుతుంది. ఈ కడ్డీ ముందే కనపడుతుంది. స్టీరింగ్ తోలు మీద నాలుగు గీతలు పడ్డాయి, నేను పట్టించుకోలేదు. స్తోమత ఉంటే చక్రం మొత్తాన్ని పళ్ళెంలా కప్పేసే లాక్ ఇంకా నయం, రంపానికి చక్రం అందదు.

ఇంతకీ నేను ఇది రాయడానికి కూర్చుంది నా కారు మిగిలిందని చెప్పడానికి కాదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పంజాబీ పెద్దాయన ఉంటారు, అంకుల్ అని పిలుస్తాం. మా మొదటి కారు పోయిన వారానికే మా ఆవిడకి నొప్పులొస్తే, అర్ధరాత్రి స్వెట్టర్ తొడుక్కుంటూ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. మనవడి బేబీ సీటు తెచ్చి బిగించి, పాపని ఇంటికి తెచ్చిందీ ఆయన కార్లోనే. ఆ అక్టోబరు రాత్రి మా ఇంటి నుంచి వెళ్ళిన ఆ ఇద్దరూ తీసుకెళ్ళింది ఆ కారునే. ఆయన కెమెరాలో టైము 2:56.

ఇయన్ ఏర్స్, స్టీవెన్ లెవిట్ అనే అమెరికా పరిశోధకులు 1998లో ఇదే రాశారు: పైకి కనపడే లాక్ దొంగని పక్క కారు మీదికి తోస్తుంది, దాచిపెట్టిన ట్రాకర్ అయితే ఏ కార్లో ఉందో తెలియక అందరికీ మేలు చేస్తుంది అని. దాన్ని నేను కాదనను, అందుకే మా కార్లో రెండూ ఉన్నాయి. కానీ అది చదివి లాక్ మానేయమనేవాళ్ళతో మాత్రం ఒప్పుకోను. అందరి కార్లకీ ఉంటే ఏ పక్కకి తోస్తుంది?

మర్నాడు అంకుల్ వాళ్ళింటికి వెళ్ళి వీడియో చూపించాను. ఆయన చివరిదాకా చూసి "మీది మిగిలింది కదా బేటా, చాలు" అన్నారు. నా నోట మాట రాలేదు. ఆయన కొత్త కారు వచ్చిన రోజు నేను కొన్న కడ్డీ పట్టుకెళ్ళి, తాళం రంధ్రం డాష్‌బోర్డు వైపు ఉండేలా ఎలా బిగించాలో చూపించాను. తర్వాత వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. పద్నాలుగు ఇళ్ళలో ఇప్పటికి తొమ్మిదింటికి పెట్టారు. మిగిలిన ఐదుగురిలో ఇద్దరివి ఖరీదైన జర్మన్ కార్లు, "మా యాప్‌లో అన్నీ కనపడతాయి" అంటున్నారు. ఈ శనివారం మళ్ళీ వెళ్తున్నాను, ఆ పదకొండు సెకన్ల వీడియో ఫోన్‌లో పెట్టుకుని.