‘నెలకు 60 వేలు గ్యారంటీ’ అంటున్నారు, టీ ఫ్రాంచైజీ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, ఉండేది కరీంనగర్. ఉద్యోగం పోయింది. పీఎఫ్, దాచుకున్నది కలిపి 13 లక్షలు ఉన్నాయి. ఒక టీ బ్రాండు ఫ్రాంచైజీ కోసం మంకమ్మతోటలో షాపు చూశాను. ఫీజు 4 లక్షలు, ఇంటీరియర్, సామానుకు 5 లక్షలు. నెలకు 60 వేలు మిగలడం గ్యారంటీ అంటున్నారు. ఆదివారంలోపు 50 వేలు టోకెన్ కడితే ఫీజు తగ్గిస్తారట. పాప ఇంటర్ సెకండియర్. కట్టమంటారా?

జవాబు: వద్దు, ఇప్పుడే కట్టకండి. ఆదివారం దాటితే సోమవారం మళ్లీ వాళ్లే ఫోన్ చేస్తారు.

ఆ కంపెనీ టీ మీద బతుకుతోందా, ఫ్రాంచైజీలు అమ్ముకుని బతుకుతోందా? ముందు తేల్చుకోవాల్సింది ఇదే. అమెరికాలో అయితే సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన లెక్కలు, కోర్టు కేసులు, మూతపడిన షాపుల వివరాలు కాగితం మీద ఇవ్వాలి. మన దగ్గర ఫ్రాంచైజీలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు, మనమే కూపీ లాగాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, అది దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్‌ను కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి చూడొచ్చు. దాన్ని ఒక సీఏకి చూపించండి. రాయల్టీ (షాపులు తమ అమ్మకాల్లోంచి కంపెనీకి కట్టే వాటా), టీపొడి అమ్మకాల కంటే కొత్తవాళ్లు కట్టిన ఫీజులే ఎక్కువుంటే, మీ షాపు నడిచినా మూతపడినా వాళ్లకు పోయేదేమీ లేదు. బ్రాండు పేరు నిజంగా వాళ్లదేనా అన్నది ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఉచితంగానే తెలుస్తుంది.

ఇక లెక్క. 4 లక్షల ఫీజుపై 18 శాతం జీఎస్టీ, అంటే 72 వేలు, వాళ్లు చెప్పిన దాంట్లో ఉందా? మీ షాపు రెస్టారెంట్ల 5 శాతం పన్నులోకి వస్తే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటిపై కట్టిన జీఎస్టీని మీ పన్నులోంచి తగ్గించుకునే వీలు) ఉండదు కాబట్టి ఆ సొమ్ము తిరిగి రాదు. అప్పుడు మొత్తం 9.72 లక్షలు. అగ్రిమెంటు 5 ఏళ్లయితే నెలకు 16,200 పడుతుంది. నిజంగా 60 వేలు మిగిలినా అందులో ఆ మేరకు మీ డబ్బే మీకు వెనక్కి వస్తున్నట్టు.

అసలు 60 వేలు మిగలాలంటే ఎన్ని టీలు అమ్మాలి? అద్దె 22 వేలు, ముగ్గురు పనివాళ్లకు 42 వేలు, కరెంటు, గ్యాస్, చిల్లర ఖర్చులు 11 వేలు అనుకుందాం. మొత్తం 75 వేలు. 15 రూపాయల టీలో పాలు, పొడి, కప్పు, పన్ను, రాయల్టీ పోను 7 రూపాయలు మిగిలాయనుకుంటే రోజుకు దాదాపు 640 కప్పులు పోవాలి. పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా, 80 సెకన్లకో కప్పు చొప్పున, నెలంతా సెలవు లేకుండా! రోజుకు 357 దాకా అమ్మితే ఖర్చులే వస్తాయి, మీ చేతికి రూపాయి రాదు. నా అంకెలు తీసేసి మీ వీధి అద్దె, జీతాలు వేసి మళ్లీ చూడండి.

ఆ తర్వాత బయల్దేరండి. వాళ్లు చూపించే షాపుకు కాదు, మీరు ఎంచుకున్న రెండు మూడు షాపులకు. ఒక మామూలు మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదురుగా కూర్చుని కప్పులు లెక్కపెట్టండి. చాలామంది ఈ ఒక్కరోజు పనికి బద్ధకించే లక్షలు పోగొట్టుకుంటారు. మూతపడిన షాపు ఉంటే ఇంకా మంచిది, పక్క కిరాణా కొట్టాయన మొత్తం కథ చెప్తాడు.

గ్యారంటీ మాటను అగ్రిమెంటులో రాయమనండి. చాలావరకు రాయరు. మీ షాపుకు ఎంత దూరంలోపు ఇంకొకరికి ఇవ్వరో, మధ్యలో మానేస్తే ఏం తిరిగిస్తారో, గొడవొస్తే కేసు ఏ ఊళ్లో వేయాలో లాయరుతో చదివించండి.

అన్నీ కుదిరినా మీ చేతిలో మిగిలేది 3.28 లక్షలు. షాపు అడ్వాన్సు, మొదటి నెలల నష్టం, ఇంటి ఖర్చులు అందులోంచే. ఎప్‌సెట్ అయ్యాక పాప కాలేజీ ఫీజు కూడా అందులోంచే అంటే కష్టం. అందుకే ఆమె రెండేళ్ల ఫీజు, ఆరు నెలల ఇంటి ఖర్చు ముందే ఎఫ్‌డీలో వేసి, మిగిలినదాంట్లో షాపు అవుతుందేమో చూడండి. గత మూడేళ్లలో తెరిచిన, మూసిన షాపుల లిస్టు కంపెనీని మెయిల్‌లో అడగండి. వాళ్లిస్తే, దాంతోపాటు అగ్రిమెంటు కాపీ కూడా జతచేసి నాకు మళ్లీ రాయండి.