టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కి కొబ్బరి నూనె వేయొచ్చా?

ఎండలు ముదరగానే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది. పాస్‌వర్డ్‌లు, వైరస్‌లు పక్కకు పోయి ‘కాలిపోతోంది’, ‘గరగరమంటోంది’ అనే మాటలు మొదలవుతాయి. ఈసారి అన్నీ అవే.

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం కొన్న ల్యాప్‌టాప్. ఈమధ్య ఆన్ చేయగానే గరగరమని శబ్దం వస్తోంది, కాసేపటికి అదే తగ్గిపోతోంది. ఫ్యాన్‌లో రెండు చుక్కలు కొబ్బరి నూనె వేస్తే చాలని పక్కింటాయన అంటున్నారు. వేయమంటారా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దండీ. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది. ఈ ఎండల్లో బాగానే ఉన్నట్టు అనిపించినా, నాలుగు నెలల్లో దుమ్ముతో కలిసి జిగురులా పట్టేస్తుంది. కుట్టుమిషన్ ఆయిల్ దానికన్నా నయమే కానీ, చాలా ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లు సీలు చేసి ఉంటాయి. నూనె బేరింగ్ దాకా వెళ్లే దారే ఉండదు. మీరు వేసింది రెక్కల మీదా బోర్డు మీదా పడుతుంది, అంతే.

మీరు చెప్పిన లక్షణం చూస్తే బేరింగ్‌లో ఉండే నూనె ఎండిపోతున్నట్టుంది. చల్లగా ఉన్నప్పుడు గీరుకుంటుంది, వేడెక్కాక మిగిలిన కాస్త నూనె పల్చబడి శబ్దం తగ్గుతుంది. తగ్గింది కదా అని వదిలేయకండి. ఇంకొన్నాళ్లకు అసలు తిరగడమే మానేస్తుంది.

ఫ్యాన్ శబ్దాలన్నీ ఒకటి కావు. వీడియో ఎడిటింగ్ చేస్తున్నప్పుడో గేమ్ ఆడుతున్నప్పుడో హోరుమంటే అది దాని పని. టిక్‌టిక్‌మంటే ఏదో వైరు రెక్కకు తగులుతోందేమో. గరగరలాడితే బేరింగ్. నన్ను అడిగితే వీటన్నిటికన్నా ఏ శబ్దమూ లేకపోవడమే ఎక్కువ ప్రమాదం. ఫ్యాన్ ఆగిపోయినా ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది. వేడి 100 డిగ్రీల దరిదాపులకు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మరీ మించితే మొత్తం ఆఫ్ అయిపోతుంది. అలా తనను తాను కాపాడుకుంటుంది కానీ, పక్కనున్న బ్యాటరీకి, కెపాసిటర్లకు (కరెంటును కాస్త నిల్వ ఉంచుకునే చిన్న భాగాలు) ఆ తెలివి లేదు. వాటిలో ఎలక్ట్రోలిటిక్ అనే రకం కెపాసిటర్ ఆయుష్షు, పెరిగే ప్రతి 10 డిగ్రీల వేడికి సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క. ‘సిస్టమ్ స్లో అయింది, ఫార్మాట్ కొట్టించాలి’ అని షాపుకు వచ్చేవాటిలో అసలు రోగం ఫ్యాన్‌దే అయినవి తక్కువేం కాదు.

కాబట్టి ఫ్యాన్ మార్పించేయండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబర్ చెప్పి దానికి సరిపోయే ఫ్యానే వేయమనండి. చాలా మోడళ్లలో దీనికోసం హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాక్కునే లోహపు భాగం) విప్పాల్సి వస్తుంది. విప్పితే ఆ రెండింటి మధ్య పూసి ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది వేశారో లేదో దగ్గరుండి చూసుకోండి. దుమ్ము కోసం బైక్ మెకానిక్ దగ్గర కంప్రెసర్ గాలి పట్టించకండి. ఆ ఒత్తిడీ ఎక్కువ, గాలితోపాటు నీటి తుంపరలూ వస్తాయి. చిన్న బ్లోయర్ వాడినా సరే, రెక్కలు తిరగకుండా పుల్లతోనో వేలితోనో పట్టుకోవాలి. గాలికి అదుపు లేకుండా గిర్రున తిరిగితే అరిగిన బేరింగ్ పని ఆ రోజే అయిపోతుంది.

ప్రశ్న: మా వైఫై రూటర్ మధ్యాహ్నం పూట మాటిమాటికీ ఆగిపోతోంది. టీవీ యూనిట్‌లో అద్దం తలుపు వెనక, సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టాం. దుమ్ము పడకుండా పైన గుడ్డ కూడా కప్పాం. (నరసరావుపేట)

జవాబు: అమ్మా, ముందు ఆ గుడ్డ తీసేయండి. రూటర్‌లో ఫ్యాన్ ఉండదు. కింది రంధ్రాల్లోంచి గాలి లోపలికి వెళ్లి, వేడెక్కి, పై రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. అదే దానికున్న ఏర్పాటు. మీరు పైన గుడ్డ కప్పి, కింద సెట్‌టాప్ బాక్స్ పెట్టారు. టీవీ కట్టేసినా స్టాండ్‌బైలో ఆ బాక్స్ వేడిగానే ఉంటుంది. అంటే కింద పొయ్యి, పైన మూత!

ఫ్యాన్ లేని యంత్రం ముచ్చటగా ఉంటుంది కానీ, గాలికి దారి ఇవ్వకపోతే పెద్ద కంపెనీలకూ తిప్పలు తప్పలేదు. 1980లో ఆపిల్ సంస్థ ‘ఆపిల్ త్రీ’ కంప్యూటర్‌ను ఫ్యాన్ లేకుండా తెచ్చింది. నమ్మకంగా పనిచేయదన్న చెడ్డపేరు దానికి మొదట్లోనే అంటుకుని, చివరిదాకా పోలేదు.

రూటర్‌ను బయటికి తెచ్చి గోడకు తగిలించండి, సిగ్నల్ కూడా మెరుగవుతుంది. సెట్‌టాప్ బాక్స్ లోపలే ఉండాలంటే యూనిట్ వెనక చెక్కకు కింద ఒకటి, పైన ఒకటి రంధ్రాలు కొట్టించండి. కిందది గాలి రావడానికి, పైది పోవడానికి. ఒక్క రంధ్రంతో ఉపయోగం తక్కువ. రూటర్ బయట పెట్టాక కూడా రెండు మూడు రోజులు మధ్యాహ్నాలు నెట్ ఆగుతూనే ఉంటే అది వేడి సమస్య కాదు. అప్పుడు నెట్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ముందు ఎయిర్ కూలర్ పెట్టొచ్చా? వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెడితే?

జవాబు: రెండూ వద్దు. కూలర్ గాలిలో తేమ ఉంటుంది, నేరుగా ల్యాప్‌టాప్ మీదికి తిప్పకండి. గది చల్లబడితే చాలు. ఫ్యాన్ చేసేది లోపలి వేడిని బయటికి తోయడమే. గది 42 డిగ్రీలుంటే ఎంత గొప్ప ఫ్యాన్ అయినా లోపలి భాగాలను అంతకంటే కిందికి దించలేదు. ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్‌ల పలక, అదే కూలింగ్ ప్యాడ్, దాని సంగతీ ఇంతే. దుప్పటి మీద, దిండు మీద పెట్టి వాడే అలవాటు మానితే చాలామందికి ప్యాడ్ అవసరమే పడదు. ఇక ఫ్రిజ్‌లోంచి తీసిన ఫోన్‌కు లోపల కూడా చెమ్మ పడుతుంది. కవర్ తీసి, చార్జింగ్ ఆపి, నీడలో ఉంచండి.

ప్రశ్న: డెస్క్‌టాప్ కేబినెట్ ఫ్యాన్ పోయింది. షాపులో స్లీవ్ బేరింగ్, బాల్ బేరింగ్ అని రెండు రకాలు చూపించారు. ఏది కొనాలి? (విశాఖపట్నం)

జవాబు: స్లీవ్ చవక, కొత్తలో నిశ్శబ్దంగా ఉంటుంది. వేడిలో అందులోని నూనె త్వరగా ఎండిపోతుంది. బాల్ బేరింగ్ కాస్త శబ్దం చేసినా వేడిని తట్టుకుని ఎక్కువ కాలం నిలుస్తుంది. ఫ్యాన్ కేబినెట్ పైకప్పుకు పడుకోబెట్టి బిగించేదైతే స్లీవ్ అసలు తీసుకోకండి. డబ్బులు పెట్టగలిగితే ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అని రాసున్నది చూడండి, అందులో రెండు గుణాలూ ఉంటాయి.

పెట్టె మీద 50,000 గంటలు అని చూసి మురిసిపోవద్దు. ఏడాదికి 8,760 గంటలు, అంటే రాత్రీపగలూ తిరిగినా ఐదున్నరేళ్లు దాటుతుందని లెక్క వేసుకుంటాం. పక్కన ఎల్-10 అని ఉంటే, అన్ని గంటలయ్యేసరికి వందలో పది ఫ్యాన్‌లు పోయి ఉంటాయని అర్థం. ఆ పరీక్ష ఎన్ని డిగ్రీల దగ్గర చేశారో కూడా చూడాలి. 40 డిగ్రీలని ఉంటే, మే నెలలో మీ కేబినెట్ లోపల అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

చోటుంటే 80 మిల్లీమీటర్లది కాకుండా 120 మిల్లీమీటర్లది బిగించండి. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా అంతే గాలి ఇస్తుంది, గోల తక్కువ, అరుగుదలా తక్కువే.

ఒక్క జాగ్రత్త. పోయింది కేబినెట్ ఫ్యాన్ కాకుండా పవర్ సప్లై డబ్బాలోని ఫ్యాన్ అయితే దాన్ని మీరు విప్పకండి. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు ఉండొచ్చు. పాతదైతే ఆ డబ్బా మొత్తం మార్చేయడమే మేలు.