పాప డ్యాన్స్ వీడియోకి కాపీరైట్ క్లెయిమా?

ప్రశ్న: టీవీలో పాట వస్తుంటే మా పాప గెంతులేసింది. ఫోన్‌లో తీసి చుట్టాల కోసం యూట్యూబ్‌లో పెట్టాను. కాసేపటికే కాపీరైట్ క్లెయిమ్ అని మెయిల్! చానల్ పోతుందా? ఇది ఫెయిర్ యూజ్ కాదా?

జవాబు: ముందు టెన్షన్ వదిలేయండి. మీకు వచ్చింది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. స్ట్రైక్ అంటే చట్టప్రకారం నోటీసు వచ్చి వీడియో తీసేస్తే చానల్‌పై పడే మచ్చ. 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితేనే చానల్‌కి ముప్పు. క్లెయిమ్ వస్తే మహా అయితే ఆ ఒక్క వీడియోకి ప్రకటనలు వస్తాయి, ఆ డబ్బు పాట హక్కుదారులకు వెళ్తుంది. లేదా వీడియోను కొన్ని దేశాల్లోనో, అంతటానో ఆపేస్తారు.

దీన్ని పట్టుకున్నది కంటెంట్ ఐడీ అనే యూట్యూబ్ సాఫ్ట్‌వేర్. హక్కుదారులు ఇచ్చిన పాటలకు వేలిముద్రల్లాంటివి తయారుచేసుకుని, కొత్తగా ఎక్కే వీడియోలతో పోల్చి చూస్తుంది. ప్రైవేట్‌గా పెట్టినా వదలదు. ఏ పాటో చెప్పగలదు గానీ, ఎందుకు వాడారో దానికి అక్కర్లేదు. అమెరికా చట్టంలో కొన్ని అవసరాలకు అనుమతి లేకుండానే వాడుకోనిచ్చే ఫెయిర్ యూజ్‌కి ప్రాణం ఆ 'ఎందుకు'లోనే ఉంది. అసలు పాట ఎలాంటిది, ఎంత వాడారు, దాని అమ్మకాలకు దెబ్బ తగులుతుందా అన్నవీ కలిపి చూస్తారు. ఇన్ని సెకన్ల లోపైతే తప్పులేదన్న లెక్క చట్టంలో ఎక్కడా లేదు. 'హక్కులు నావి కావు' అని కింద రాసి చేతులు దులుపుకోవడమూ పనిచేయదు.

అచ్చం మీలాంటి కేసే ఒకటుంది. 2007లో అమెరికాలో ఒక తల్లి పెట్టిన 29 సెకన్ల వీడియోలో గాయకుడు ప్రిన్స్ పాట వినిపించిందని యూనివర్సల్ మ్యూజిక్ తీయించింది. ఆవిడ కోర్టుకెక్కారు. వీడియో తీసేయమని నోటీసు పంపేముందు ఫెయిర్ యూజ్ అవునా కాదా అని ఆలోచించి తీరాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. అయితే అది చట్టప్రకారం పంపే నోటీసుల సంగతి. కంటెంట్ ఐడీ క్లెయిమ్ యూట్యూబ్ సొంత ఏర్పాటు కాబట్టి, ఆ తీర్పు మీకు నేరుగా అక్కరకు రాదు.

కావాలంటే క్లెయిమ్ సరికాదని యూట్యూబ్‌లోనే డిస్ప్యూట్ చేయండి. 30 రోజుల్లో అవతలివాళ్లు స్పందించకపోతే క్లెయిమ్ పోతుంది. వాళ్లు ఒప్పుకోకపోతే యూట్యూబ్‌లోనే అప్పీలుకు వెళ్లొచ్చు, కానీ అక్కడ వాళ్లు చట్టప్రకారం నోటీసు ఇస్తే స్ట్రైక్ పడొచ్చు. ఇంటి వీడియో కోసం నేనైతే అంతదూరం వెళ్లను. యూట్యూబ్ స్టూడియోలో పాటను మ్యూట్ చేయొచ్చు, కాకపోతే పాప కేరింతలూ కొంత పోవచ్చు. చుట్టాల కోసమే అయితే క్లౌడ్‌లో పెట్టి లింక్ పంపేయండి.